తివాచీ మీద చాయ్ ఒలికిందా? ముందు రుద్దడం ఆపండి

మాది జహనుమా, షాలిబండ దాటి ఫలక్‌నుమా వైపు వెళ్లే దారిలో. మా దగ్గర ఇంట్లో సోఫా ఉన్నా సరే, నలుగురొస్తే కింద తివాచీ పరవాల్సిందే. కింద కూర్చుని తింటున్నాం, తాగుతున్నాం అంటే ఒలకడం కూడా ఉంటుంది కదా. అందుకే ఈ రోజు మరకల గురించి మాట్లాడుకుందాం.

మరక పడగానే మనం తడిబట్ట తెచ్చి గట్టిగా రుద్దేస్తాం. అదే వద్దండీ. రుద్దితే మరక పోగుల్లోకి దిగుతుంది, చుట్టూ పాకుతుంది, నూలు పైకి లేస్తుంది. తెల్లటి పాత నూలుబట్ట మడతపెట్టి, అంచు నుంచి మధ్యకి అద్దుకుంటూ రండి. బట్టకి తడి అంటడం ఆగేదాకా అద్దడమే. రంగుబట్ట వాడకండి, దాని రంగు దీనికి ఎక్కుతుంది.

తర్వాత అది ఏ తివాచీయో చూసుకోండి. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు ఉన్నాయి చూశారా, 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది వాటికి. నూలు జంపఖానా అయితే కాస్త నీళ్లు తట్టుకుంటుంది. ఏలూరు తివాచీ లాంటి ఉన్నివాటికి వేడినీళ్లు, బ్లీచింగ్ రెండూ పనికిరావు. జనపనార వాటిని ఎంత తక్కువ తడిపితే అంత మంచిది. ఏదైనా సరే, ముందు ఒక మూల తడిబట్ట నొక్కి పెట్టి, రంగు దిగుతుందేమో చూడండి.

ఇప్పుడు మన ఇరానీ చాయ్. ఇందులో మూడున్నాయి: ఆకు డికాక్షన్, పాలు, చక్కెర. వేడినీళ్లు పోస్తే పాలు పోగులకి పట్టుకుంటాయి, అందుకే చల్లనీళ్లే. గ్లాసు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా కలిపి అద్దండి. ఇంకా గోధుమరంగు కనిపిస్తే ఒక వంతు తెల్ల వెనిగర్‌కి రెండు వంతుల నీళ్లు కలిపి మళ్లీ అద్దండి. చివర్లో మంచినీళ్లతో తీసేయడం మర్చిపోవద్దు. చక్కెర మిగిలిపోతే అక్కడే దుమ్ము పట్టి, వారానికి నల్లమచ్చ తేలుతుంది. చాలామంది "మరక తిరిగొచ్చింది" అనేది దీన్నే!

రంజాన్‌లో హలీమ్ పడితే చెంచాతో ఎత్తేయండి, అదమకండి. నెయ్యి మీద సెనగపిండి గానీ టాల్కమ్ పౌడర్ గానీ చల్లి కొన్ని గంటలు వదిలేసి దులపండి. ఆ తర్వాతే నీళ్ల జోలికి వెళ్లండి.

పసుపు మాత్రం వేరే సంగతి. సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, మనం కంగారు పడతాం. భయం లేదు, పసుపుకి క్షారం తగిలితే అంతే. వెనిగర్ నీళ్లు అద్దితే మళ్లీ పచ్చబడుతుంది. వంటసోడా మాత్రం దీనికి వేయకండి. మిగిలిన పచ్చదనాన్ని ఎండ మెల్లగా లాగేస్తుంది. అయితే ముదురు రంగు తివాచీని రోజంతా ఎండలో పెడితే తివాచీ రంగు కూడా పోతుంది, చూసుకోండి.

పాన్ మరక అన్నిటికన్నా మొండిది, కాచు రంగు అలాంటిది. మా గల్లీలో ఒకావిడకి పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు ఇచ్చిన ఉన్ని కాలీన్ ఉండేది. దాని మీద పాన్ పడితే బ్లీచింగ్ నీళ్లు పోశారు. మరక పోలేదు సరికదా, ఉన్ని పచ్చగా మారి, లాగితే పోగులు ఊడొచ్చాయి. ఉన్ని కూడా మన జుట్టులాంటిదే, బ్లీచింగ్ దాన్ని కరిగించేస్తుంది. వాళ్లమ్మ ఇప్పుడు లేరు, అలాంటిది ఇంకొకటి కొనుక్కునేదీ కాదు. పాన్ అయితే చల్లనీళ్లు, వెనిగర్ నీళ్లు అద్ది చూడండి. కదలకపోతే ఇంకేమీ పోయకుండా కాలీన్లు కడిగేవాళ్లకి ఇచ్చేయండి. ఏ మరకో, మీరు ఏమేం పోశారో కూడా వాళ్లకి చెప్పండి, దాచొద్దు.

ఇక వానాకాలంలో ఆరబెట్టడం. పైన పొడిగా ఉన్నా అడుగున తడి ఉంటే బూజు వాసన వస్తుంది. అందుకే రెండు కుర్చీల మీద వేసి, కింద నుంచి ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. అడుగు చేత్తో తడిమి చూసి, చల్లగా తగలడం పూర్తిగా పోయాకే మళ్లీ పరవండి.