ఎద్దు కడుపులో గడ్డి యెట్లు జీర్ణమగును?

కట్టు తెంచుకొనిన యెద్దు రాత్రివేళ కళ్ళములోని జొన్నరాశిపై బడి కడుపార మేసి, మఱునాడు లేవలేకపోవుట మేము చూచితిమి. ఎవరో విషము పెట్టిరని పొరుగువారిని నిందించుటయు కద్దు. కారణము కడుపులోనే యున్నది.

పశువు కడుపు నాలుగు గదులు. మొదటిదైన పెద్దపొట్టలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్లకొలది వసించును. గడ్డిలోని నారను పులియబెట్టి కరగించునవి యవియే. ఎద్దు తనంతట కరగింపజాలదు. అందు పుట్టిన ఆమ్లములు పొట్టగోడగుండ రక్తమున జేరి బలమిచ్చును. నెమరువేయునపుడు మ్రింగు లాలాజలము పులుపు మితిమీరకుండ జూచును. పిదప ఆ సూక్ష్మజీవులే నాలుగవ గదిలోను, ప్రేగులలోను జీర్ణమై మాంసకృత్తుల నొసగును.

గింజ ఒక్కమారుగా పడినచో పులుపు హద్దు మీరి, ఆ జీవులు నశించును, పశువు కూలును. దాణా పెంచదలచినవారు దినదినము కొంచెముగా, రెండు వారములలో పెంచవలెను. గింజ మేసిన పశువును తెల్లవారు దాక ఉంచక పశువైద్యునికి జూపవలెను.