చెడిపోతే ఎవరు బాగు చేస్తారు?

మా అమ్మ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. జడ నేనో, మా చెల్లెలో వెయ్యాల్సిందే. చౌటుప్పల్ దగ్గర మా ఊళ్లో ముప్పై ఏళ్ల పాటు ఆసు పోసిన చెయ్యి అది. సమాజానికి మేలు చేసే ఆవిష్కరణల మీద హైదరాబాదులో రెండు రోజుల సదస్సు పెడుతున్నామని, పల్లె బడుల తరఫున వచ్చి మాట్లాడమని నన్ను పిలిచారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను నేను. ప్రదర్శనలో ఆసు యంత్రం కూడా ఉంటుందని తెలిసి అమ్మని వెంట తీసుకెళ్లాను. అది నడుస్తుంటే ఆమె ఎన్నడూ చూడలేదు. అది మా గడప తొక్కకముందే ఇంట్లో మగ్గం ఆగిపోయింది.

ఆసు అంటే ఏమిటో చెప్పాలి. పోచంపల్లి చీర మీద కనిపించే డిజైను నేశాక అద్దింది కాదు. నెయ్యకముందే నూలుకి రంగులు పడతాయి. పేక దారాన్ని ముందుగా కొలత ప్రకారం వరసలుగా అమర్చుకుని, గుర్తులు పెట్టుకుని, రబ్బరు ముక్కలతో ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. ఆ వరసలు అమర్చడమే ఆసు పోయడం. ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారం పట్టుకుని చెయ్యి అటు వెళ్లాలి, మేకు చుట్టి ఇటు రావాలి. ఒక్క చీరకి దాదాపు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. మగ్గం ఆగకుండా ఉండాలంటే రోజుకి రెండు చీరల ఆసు పొయ్యాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. భుజాలు, కళ్లు పోగొట్టుకున్నదీ వాళ్లే.

స్టాలులో యంత్రం ఆన్ చేశారు. దారం పట్టుకున్న ఇనుప చెయ్యి మేకు దగ్గరికి వెళ్లి, చుట్టి, వెనక్కి వచ్చి, పక్క మేకుకి జరిగింది. అమ్మ కుర్చీ కూడా వద్దంది. కాసేపటికి చూస్తే ఆమె కుడిచెయ్యి అదే లయలో కదులుతోంది.

“నా చెయ్యి తిరిగినట్టే తిరుగుతున్నది బిడ్డా,” అంది. ఇంకొంచెంసేపు చూసి, “దానికి నొయ్యది గదా,” అంది.

ఈ యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారిది ఆలేరు దగ్గర శారాజీపేట. బడి చదువు మధ్యలోనే ఆపేసి మగ్గం ఎక్కినవాడు. తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఇక ఆసు పొయ్యలేనంటే 1992లో మొదలుపెట్టారు. ఒక్కొక్క కదలికనీ విడదీసి, ఒక్కొక్కదానికీ పరికరం చేసుకుంటూ, అప్పులు చేసి, మధ్యలో పని ఆగిపోతే హైదరాబాదు వచ్చి కరెంటు పనులు చేసుకుంటూ 1999లో పూర్తిచేశారు. చివరి చిక్కు ఎంతకీ విడకపోతే, బాలానగర్‌లో కరెంటు పనికి వెళ్లినచోట ఒక యంత్రం కదిలే తీరు చూసి దారి దొరికించుకున్నారు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ వచ్చాయి.

ఇలాంటివాళ్లని వెతికి పట్టుకునే పని ఒకటి మన దేశంలో నాలుగు దశాబ్దాలకి దగ్గరగా సాగుతోంది. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు అనిల్ గుప్తా గారు మొదలుపెట్టిన హనీ బీ నెట్‌వర్క్ అది. తేనెటీగ తేనె తీసుకున్నా పువ్వుకి నష్టం చెయ్యదు, పైగా ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వుకి చేరుస్తుంది. రైతు దగ్గరో, చేతిపనివారి దగ్గరో నేర్చుకున్నదాన్ని వాళ్ల పేరుతోనే, వాళ్ల భాషలోనే తిరిగి వాళ్లకి అందించాలన్నది ఆ పేరులోని భావం. 2000లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఏర్పడటం వెనక ఉన్నది ఈ ఉద్యమమే. మన దగ్గర బ్రిగేడియర్ గణేశం గారి ‘పల్లె సృజన’ ఊరూరా నడిచి ఇదే పని చేస్తోంది.

మధ్యాహ్నం ఇంజినీరింగు పిల్లలు తాము చేసినవి చూపించారు. ఒక కుర్రాడు బడులకి పనికొచ్చే నీటిశుద్ధి పరికరం తెచ్చాడు. ఫోనులోనే నీటి నాణ్యత చెబుతుంది. చాలా చక్కగా వివరించాడు. ప్రశ్నలడగమంటే లేచాను.

“బాబూ, ఇది మా బడిలో చెడిపోతే ఎవరు బాగు చేస్తారు?”

ఆ ప్రశ్న వెనక మా బడి కథ ఉంది. మాది ఫ్లోరైడు నేల. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చు అంటాయి మన ప్రమాణాలు. నల్లగొండ పల్లెల్లో ఎన్నో బోర్లు ఆ గీతని ఎప్పుడో దాటేశాయి. పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లల్ని చూస్తూనే నేను పాఠాలు చెప్పాను. కృష్ణా నీళ్లు ఇంకా రాని రోజుల్లో ఒక సంస్థవాళ్లు మా బడికి శుద్ధియంత్రం ఇచ్చారు. రిబ్బను కత్తిరించాం, ఫొటోలు దిగాం. ఏడాదిన్నర పనిచేసి ఒకరోజు ఆగిపోయింది. ఫోన్లు చేశాం, ఉత్తరాలు రాశాం. ఎవరూ రాలేదు. పిల్లలు మళ్లీ బోరు నీళ్లకే వెళ్లారు. అలా నాలుగేళ్లు. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

మన పల్లెల్లో బోరింగు అని పిలుచుకునే చేతిపంపు ఇదే ప్రశ్నలోంచి పుట్టింది. 1970ల మొదట్లో కరువు ఊళ్లలో బోర్లు వేసి పోత ఇనుము పంపులు బిగించారు. అవి పాశ్చాత్య దేశాల్లో ఒక్క ఇంటి వాడకానికి చేసిన నమూనాలు. ఊరంతా పొద్దస్తమానం కొడితే తట్టుకోలేక చాలావరకు మూలపడ్డాయి. అప్పుడు ప్రభుత్వమూ, యూనిసెఫ్ కలిసి, షోలాపూర్‌లో స్థానికంగా చేసుకున్న ఒక గట్టి పంపుని ఆధారం చేసుకుని ఇండియా మార్క్ 2 తయారుచేయించాయి. ఆ పంపు దేశదేశాలకి వెళ్లింది. అయినా ఒక లోటు మిగిలింది. లోపల వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి, అందుకు మనుషులు, సామాను, మెకానిక్ కావాలి. అందుకే మార్క్ 3లో పైపు వెడల్పు చేశారు. పైపులు కదపకుండానే పిస్టను పైకి వస్తుంది, ఊరివాళ్లే వాషరు మార్చుకోవచ్చు. నా దృష్టిలో మార్క్ 2 కన్నా గొప్ప ఆలోచన ఇదే.

మా పాత జిల్లా పేరుతో ఉన్న నల్లగొండ పద్ధతి కూడా ఇదే చెబుతుంది. దాన్ని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. నీళ్లలో పటిక, సున్నం కలిపి తిప్పితే, తేరుకునేటప్పుడు ఫ్లోరైడు మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. చవకైనది, కరెంటు లేకపోయినా చేసుకోవచ్చు. టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. కానీ రోజూ సరిగ్గా కొలిచి వెయ్యాలి, మడ్డి తియ్యాలి. ఆ పని ఎవరిదో తేలని చోట ఎంత మంచి పద్ధతైనా నిలవదు. తెలివి ప్రయోగశాలలో పుట్టవచ్చు. ఊళ్లో దాన్ని బతికించేది మాత్రం రోజూ చేసే చెయ్యి.

ఆ కుర్రాడు తడబడలేదు. “అంతవరకు ఆలోచించలేదు మేడం. మీ ఊళ్లో ఏం దొరుకుతాయో, ఏం బాగు చేయగలరో రాసి పంపండి. దాన్నిబట్టి మారుస్తాను,” అన్నాడు. రెండు రోజుల్లో నాకు అందరికన్నా నచ్చిన మాట అదే. ఆసు యంత్రం నిలబడింది కూడా అందుకే. చేసినవాడు ఆ ఇంట్లోనే ఉన్నాడు, పోగు తెగితే ఎందుకు తెగిందో అతనికి తెలుసు.

సోమవారం బడికి వెళ్లి, మూలన దుమ్ము పట్టిన శుద్ధియంత్రాన్ని బల్ల మీద పెట్టించాను. తొమ్మిదో తరగతి పిల్లలు స్క్రూలు విప్పారు. మోటారు చేత్తో తిప్పితే ఆడుతోంది. పైపులు బాగానే ఉన్నాయి. మీటరు పట్టుకున్న అమ్మాయి ఆగి, “టీచర్, అడాప్టరు నుంచి 24 వోల్టులు రావాలని రాసుంది. సున్నా చూపిస్తోంది,” అంది. అరచేతిలో పట్టే నల్లటి పెట్టె. చౌటుప్పల్ దుకాణంలో దొరికే వస్తువు. నాలుగేళ్ల నీళ్లు దాని దగ్గర ఆగిపోయాయి. ఆ మాట పిల్లలకి చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు.

ఆ సాయంత్రమే ఆ కుర్రాడికి జాబితా రాసి పంపాను. మా ఊళ్లో ఉన్నవి: స్క్రూడ్రైవర్లు, పటకారు, ఒక మీటరు. కరెంటు పని తెలిసిన మనిషి ఒకరు. పాత బోరింగు మెకానిక్ ఒకరు. విప్పి చూడటానికి భయపడని తొమ్మిదో తరగతి పిల్లలు ముప్పై నలుగురు.