చివరి పందెంలో ముందు మాట్లాడేవాడు

సంక్రాంతి వచ్చిందంటే వాడపల్లి నుంచి రాజోలు దాకా కోడిపందేల కబుర్లే. బరుల పక్కన గుండాట, పేకాట కూడా నడుస్తాయని పత్రికలు ఏటా రాస్తూనే ఉంటాయి. మూడు ముక్కలాట చూసినవాళ్లకు ఒక సంగతి వేరే చెప్పక్కర్లేదు. ముందుగా నోరు విప్పేవాడు చీకట్లో మాట్లాడతాడు. ఆఖరివాడు అందరి మాటా విని తన మాట చెబుతాడు. ఈ తేడా విలువెంతో లెక్కగట్టి చూపించిన ఆట పోకర్.

సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు, రమ్మీలో నేర్పుదే పైచేయి అనీ, మూడు ముక్కలాట కేవలం అదృష్టమనీ చెప్పింది. డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో పోకర్ ఆడటాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో అలాంటి ఆటలపై కేంద్ర చట్టమూ వచ్చింది. అందుకే ఇక్కడి లెక్కలన్నీ ఉత్త బిళ్లలతోనే.

హోల్డెమ్ అనే రకంలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, బల్ల మీద అయిదు తెరుస్తారు. పందేలు నాలుగు దఫాలు. అయిదో ముక్క పేరు రివర్. దాని తరవాత ఇంకే ముక్కా రాదు. ఎవరి చెయ్యి ఏమిటో ఖాయమైపోయింది, మిగిలింది పందెం ఒక్కటే.

కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు సెఫియస్ అనే ప్రోగ్రాముతో, ఇద్దరాడే, పందెం మొత్తానికి హద్దుండే లిమిట్ హోల్డెమ్ చిక్కుముడి దాదాపుగా విప్పేశామని 2015 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఇద్దరూ ఒక్క తప్పూ చెయ్యకపోయినా పంచేవాడి స్థానంలో కూచున్నవాడిదే లాభమని తేలింది. తొలి దఫా తప్ప మిగతా మూడింటిలో ఆఖర్న మాట్లాడేది అతడే మరి. ముక్కలు చూడకముందే కట్టి తీరాల్సిన పెద్ద బ్లైండు 1000 పైసలనుకుంటే, అతనికి ఆటకు మిగిలేది సుమారు 88 పైసలు.

ముందువాడి చేతిలోనూ ఒక ఆయుధం ఉంది. పందెం కట్టకుండా ‘చెక్’ అని ఊరుకోవడం, ఎదుటివాడు కట్టగానే ఆ పందెం పెంచడం, అంటే రెయిజ్ చెయ్యడం. వినడానికి తేలికే. ప్రమాదమల్లా ఎదుటివాడు కూడా చెక్ అనేస్తే మంచి చెయ్యి పెట్టుకుని అదనంగా ఒక్క బిళ్ల కూడా రాకపోవడం.

లెక్క వేసి చూడవచ్చు. బల్ల మీద 1000 బిళ్లలున్నాయి, ముందువాడిదే గెలిచే చెయ్యి. తనే 500 కడితే ఎదుటివాడు నూటికి 60 సార్లు ఒప్పుకుంటాడనుకుందాం. సగటున అదనపు రాబడి 300. అలా కాక చెక్ అని, ఎదుటివాడు 500 కట్టాక దాన్ని 1500 చేస్తే, ఆ రెయిజ్‌కి అతను సగంసార్లు ఒప్పుకుంటాడనుకుందాం. ఎదుటివాడు నూటికి 40 సార్లు పందెం కట్టే దూకుడు మనిషైతే రాబడి 400. 25 సార్లే కట్టే జాగ్రత్తపరుడైతే 250. సరిహద్దు 30 దగ్గర ఉంది. పిరికివాడి ముందు ఓపిక పట్టడం నష్టమే, నేరుగా కట్టెయ్యాలి.

ఎప్పుడూ మంచి చేతితోనే రెయిజ్ చేస్తుంటే రెండు మూడుసార్లకే ఎదుటివాడు పసిగట్టేస్తాడు. అక్కడ బ్లఫ్ కావాలి, అంటే చెడ్డ చేతితోనూ అప్పుడప్పుడు రెయిజ్ చెయ్యాలి. పై రెయిజ్‌ని చూడాలంటే అతను ఇంకో 1000 పెట్టాలి, బల్ల మీద ఉన్నవి 3000. నాలుగుసార్లకు ఒకసారి గెలిచినా అతనికి గిట్టుబాటే. అందుకే మూడు నిజాలకు ఒక బ్లఫ్ కలిపితే, ఒప్పుకున్నా వదిలేసినా అతనికి ఒకటే. అయితే దేనికీ ముక్కలు పడెయ్యని మొండివాడి మీద బ్లఫ్ దండగ.

ఈ ఆలోచనకు పెద్ద చరిత్రే ఉంది. పందెం కట్టాల్సింది అన్నిటికన్నా మంచి చేతులతోనూ, అన్నిటికన్నా చెడ్డ చేతులతోనూ అనీ, నడిమి చేతులతో చెక్ అనాలనీ వాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ 1944 నాటి తమ పుస్తకంలో ఒక చిన్న పోకర్ నమూనాతో చూపారు. బ్లఫ్ ఉండే ఆటల మీద 1949లో బెల్‌మన్, బ్లాక్‌వెల్ ఒక పరిశోధన పత్రం రాశారు. ఆ బ్లాక్‌వెల్ పేరు మన స్టాటిస్టిక్స్ విద్యార్థులకు కొత్త కాదు. రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతంలో రావు అంటే వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావే.

మూడు నిజాలకు కలిపే ఆ ఒక్క బ్లఫ్ ఏ చేతితో చెయ్యాలన్నదే అసలు నేర్పు. బల్ల మీద మూడు ఆటీన్లు పడ్డాయి, జతలేవీ లేవు. ముందువాడి చేతిలో ఆటీను ఆసు ఉంది, తోడుగా ఇంకో ఆటీను మాత్రం లేదు. అంటే అతనికి ఫ్లష్, అదే ఒకే రంగు ముక్కలు అయిదు, లేదు. కానీ ఆసుతో కట్టే ఫ్లష్ ఎదుటివాడికీ ఉండే వీల్లేదు. రెయిజ్ పడగానే ఆటీను రాజుతో ఫ్లష్ కట్టినవాడు కూడా ఆగిపోతాడు. తనను కొట్టే ఆ ఆసు ఎదుట మూసి ఉందేమోనని అతని అనుమానం. అనుమానం నిజమే. దాని పక్కన రెండో ఆటీను లేదన్న సంగతి ముందువాడికి మాత్రమే తెలుసు.