మన్యానికి ఎప్పుడు వెళ్లాలి?

చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కేవాళ్లలో చాలామంది సంక్రాంతి సెలవులకే బయల్దేరతారు. నా లెక్కలో నవంబరు రెండో సగమే మేలు. వానలు కడిగిన కొండలు అప్పటికింకా పచ్చగానే ఉంటాయి, అరకు చుట్టూ వలిసె చేలు పసుపు పరిచినట్టుంటాయి, తోటల్లో మిరియాల తీగలు అల్లుకున్న చెట్ల నీడన కాఫీ పళ్లు గుత్తులుగా ఎర్రబడుతుంటాయి. సంక్రాంతికి వలిసె పూత అయిపోతుంది. మిగిలేది చలి, జనం.

చలి కోసమే వెళ్తామంటారా? లంబసింగిలో గడ్డకట్టే చలి డిసెంబరు, జనవరిల్లోనే, నిజమే. కానీ ఆ మంచులో పొద్దెక్కేదాకా ఎదుటి కొండే కనిపించదు. తుపాను భయం అంతకన్నా గట్టి అభ్యంతరం: హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. అందుకే అక్టోబరు అనలేదు. నవంబరులోనూ వాతావరణశాఖ హెచ్చరికలు చూశాకే బయల్దేరండి. తిరుగుదారిలో మాడుగుల హల్వా కొనుక్కోండి; దానికి మాత్రం సీజను లేదు.