గల్ఫ్ డబ్బాలో మన కవళ్ల చుట్టాలు

సౌదీ నుంచో దుబాయ్ నుంచో కొడుకు సెలవు మీద వచ్చాడంటే... కిషన్‌బాగ్‌లో ఆ ఇంటికి తాళ్లు బిగించి కట్టిన అట్టపెట్టెలూ వస్తాయి. విప్పితే ఖర్జూరాలు, పాలపొడి, సబ్బులు, అత్తరు సీసా. వాటి మధ్య నాలుగైదు చేపల డబ్బాలు! ఖర్జూరాలు వారంలో ఖాళీ. పాలపొడి నెలలో ఖాళీ. చేపల డబ్బాలు మాత్రం అలమర ఎక్కుతాయి. 'ఎవరైనా వచ్చినప్పుడు తీద్దాంలే' అనుకుంటూ అక్కడే ఉంచేస్తారు. తీరా తీసే రోజుకి గడువు దాటిపోయి ఉంటుంది!

అక్కడ గదుల్లో కలిసుండే కుర్రాళ్లకు ఖుబూస్ రొట్టె, ట్యూనా డబ్బా ఉంటే ఓ పూట గడిచిపోతుంది. ఇక్కడేమో చేపంటే కొర్రమీను, లేదంటే బొచ్చె. సముద్రం 300 కిలోమీటర్ల పైనే దూరం మరి. డబ్బాలో చేపని చూసి 'ఎన్నాళ్లదో' అని ముఖం చిట్లించడంలో వింతేం లేదు. కానీ ఇంట్లో గుండె జబ్బున్న పెద్దాయనకి డాక్టరు చేపలు తినమన్నప్పుడు ఆ అలమర వైపు ఓసారి చూడాల్సిందే. వారానికి రెండుసార్లు చేప, అందులోనూ నూనె ఎక్కువున్న చేప తింటే గుండెకు మంచిదని నిపుణులు చెబుతారు. కొర్రమీను ఎంత రుచైనా దాన్లో కొవ్వు తక్కువ.

చిన్న చేపే మేలు!

డబ్బాల్లో దర్జా ట్యూనాదే. నిజానికి ఒమేగా-3 కొవ్వుల్లో పేదింటి సార్డిన్‌దే పైచేయి. 100 గ్రాముల సార్డిన్‌లో అవి దాదాపు 1 గ్రాము ఉంటే, నీళ్లలో నిల్వచేసిన లైట్ ట్యూనాలో పావు వంతుకి కాస్త అటూఇటూ! ఈ సార్డిన్లు మన కోస్తా వాళ్లు కవళ్లు అని పిలిచే చేపలకు దగ్గరి చుట్టాలే. డబ్బాలో ఉండగానే గట్టి వేడి మీద ఉడికించేస్తారు కాబట్టి ముళ్లు మెత్తబడిపోతాయి. వాటితో సహా తింటే 100 గ్రాములకు 380 మిల్లీగ్రాముల దాకా కాల్షియం. అంతే పాలలో కన్నా మూడు రెట్లు!

మ్యాకెరల్ కూడా మంచిదే. దీనికీ తెలుగువాళ్లకీ పాత బంధం ఉంది. విశాఖపట్నం తీరంలో సేకరించిన 200 చేపల మీద ప్యాట్రిక్ రస్సెల్ 1803లో పుస్తకం వేస్తూ, దీనికి స్థానికుల పేరే రాసుకున్నాడు... కానగుర్త అని. ఆ తర్వాత క్యువియే దాన్నే శాస్త్రీయ నామంలో చేర్చాడు. మన కానాగంత ఇప్పటికీ ప్రపంచమంతటికీ 'రాస్ట్రెలిగర్ కానగుర్త'!

పెద్ద చేప చిన్నవాటిని తిని బతుకుతుంది కాబట్టి దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. అందుకే గర్భిణులు ఆల్బకోర్ రకం ట్యూనా వారానికి ఒకసారికి మించి తినకూడదు. సార్డిన్‌తో ఆ బెంగ చాలా తక్కువ.

డబ్బా తిప్పి చూడండి

అరబిక్ అక్షరాలు చూసి కంగారు పడక్కర్లేదు. ఉర్దూ చదివే పిల్లాడిని పిలిస్తే 'తూనా', 'సర్దీన్' అని కూడబలుక్కుని చెప్పేస్తాడు. నెట్ వెయిట్ 125 గ్రాములని ఉండి, డ్రెయిన్డ్ వెయిట్ 90 అని ఉంటే చేప 90 గ్రాములే. మిగతాది నూనె. 'ఎక్స్‌పి' పక్కనున్న తేదీ దాటిందా, పారేయండి. ఉబ్బిన డబ్బా, అంచుల దగ్గర సొట్టపడ్డ డబ్బా, తెరవగానే చిమ్మే డబ్బా... రుచి కూడా చూడొద్దు. వీటిలో బొటులిజం తెచ్చే విషం ఉండొచ్చు, దానికి వాసన ఉండాలనేం లేదు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పునీళ్ల చేపని వంపేసి, ఓసారి కడిగి వాడుకోవాలి. గౌట్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా సార్డిన్ జోలికి పోవద్దు.

వండేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మామూలు చేపల్లా పులుసులో వేసి అరగంట ఉడికించడం! అప్పటికే ఉడికిన చేప అది, పిప్పి అయిపోతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, టమోటా బాగా మగ్గాక చివర్లో చేప వేసి, గరిటె పెట్టి తిప్పకుండా నాలుగు నిమిషాలుంచి, కొత్తిమీర చల్లి దించేయాలి. సగం మిగిలితే డబ్బాలోనే వదిలేయకుండా గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, రెండ్రోజుల్లో అయిపోగొట్టాలి. వేడన్నం, ఖట్టీ దాల్ పక్కన వడ్డిస్తే మిగిలే మాట అనుమానమే అనుకోండి!