ఇంటివద్ద ప్రాణవాయువు: ఎవరికి, ఎప్పుడు?

ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టిన మన తల్లులకు, పొగ త్రాగకపోయినా, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి రావడం వింత కాదు. ట్రాయ్‌లో పిల్లల వద్ద స్థిరపడిన అట్టి పెద్దలకు ఇంటివద్ద ఆక్సిజన్ మంజూరు కావడానికి ఆయాసం ఒక్కటే చాలదు, అంకె కావాలి.

మెడికేర్ నియమం ప్రకారం, విశ్రాంతిలో ధమని రక్తపు ఆక్సిజన్ పీడనం 55 మిల్లీమీటర్లకు గాని, సంతృప్తత 88 శాతానికి గాని మించరాదు. 89 అయితే కాళ్లవాపు వంటి నిదర్శనం తోడుండాలి. నిద్రలోనో నడకలోనో పడిపోయేవారికి వేరే నిబంధనలున్నవి. ఈ గీత ఊరకే గీసినది కాదు: ఇంత లోటున్నవారికి దినమునకు పదిహేను గంటలైనా ప్రాణవాయువు ఇస్తే ఆయువు పెరుగుతుందని 1981 నాటి బ్రిటిష్ పరిశోధన చూపింది.

చిక్కంతా వేలికి తగిలించే పరికరంతోనే. అది చర్మం గుండా వెలుగును పంపి లెక్క కడుతుంది. లోటును కప్పిపుచ్చి ఎక్కువ అంకె చూపడం తెల్లవారికన్న నల్లజాతి రోగులలో దాదాపు మూడింతలని, మన పొరుగున ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2020లో ప్రకటించారు. చామనచాయ వారమైన మనకిది పరాయి సంగతి కాదు. పరికరం 90 చూపుతున్నా మనిషి నీరసిస్తుంటే, మణికట్టు ధమని నుండి రక్తం తీసి పరీక్షించమని వైద్యుని అడగాలి. సూది నొప్పే, కాని రెండు ఫలితాలు విభేదిస్తే మెడికేర్ రక్తపరీక్షకే ప్రాధాన్యమిస్తుంది.

ఇంటికి వచ్చే యంత్రం ఆక్సిజన్‌ను సృష్టించదు. అందులోని జియోలైట్ గుళికలు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచగా మిగిలేది సుమారు 93 శాతం ఆక్సిజన్. ముక్కుకు గొట్టంతో పూజగదిలో దీపం మాత్రం వెలిగించరాదు. ఆ పని మనుమలకు అప్పగించండి.