పరామర్శతో సరిపెట్టొద్దు: క్యాన్సర్ రోగికి తోడు – అపోహలు, వాస్తవాలు

క్యాన్సర్ అని తేలిన ఇంటికి వారం తిరక్కుండానే చుట్టాలు వరస కడతారు. పళ్లు తెస్తారు, ధైర్యం చెబుతారు. మూడో కీమో నాటికి ఆ రాకపోకలు పలచబడతాయి. చికిత్స మాత్రం నెలల తరబడి సాగుతుంది. అసలు మనిషి కావాల్సింది అప్పుడే. తోడు విషయంలో మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు రోగికి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తున్నాయి.

అపోహ: గుండె ధైర్యం ఉంటే చాలు, క్యాన్సర్ దానంతటదే లొంగుతుంది.

వాస్తవం: ఈ నమ్మకానికి ఊతమిచ్చిన పరిశోధన ఒకటుంది. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్‌కు చెందిన మనోవైద్యుడు డేవిడ్ స్పీగెల్, రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకిన 86 మంది మహిళలపై చేసిన అధ్యయనాన్ని 1989లో ‘లాన్సెట్’లో ప్రచురించారు. వాళ్లలో కొందరు ఏడాదిపాటు వారం వారం ఒకచోట కూర్చుని భయాలూ బాధలూ చెప్పుకున్నారు. మిగతావారికన్నా వీళ్లు సగటున దాదాపు ఏడాదిన్నర ఎక్కువ బతికారని తేలింది. ప్రపంచమంతా ఆశగా చూసింది. అయితే 2001లో కెనడా పరిశోధకులు 235 మందితో ఇదే పద్ధతిని పరీక్షిస్తే ఆయుష్షు పెరగలేదు. 2007లో స్పీగెల్ బృందమే మళ్లీ చేసి చూసినా, మొత్తం మీద ఆయుష్షులో తేడా కనిపించలేదు.

అలాగని ఆ కూడికలు వృథా పోలేదు. కెనడా మహిళల్లో దిగులు తగ్గింది, నొప్పి బాధ తగ్గింది. మొదట్లో బాగా కుంగిపోయినవారికే ఈ మేలు ఎక్కువగా అందింది. బతికినన్నాళ్లూ బాధ తగ్గడం చిన్న సంగతి కాదు.

ధైర్యాన్నే మందు చేసేస్తే, జబ్బు తిరగబెట్టిన రోజున ‘నేనే గట్టిగా నిలబడలేకపోయానేమో’ అని రోగి తనను తాను నిందించుకుంటుంది. క్యాన్సర్ రోగుల మనసు గురించి పనిచేసిన వైద్యుల్లో తొలితరం మనిషి, న్యూయార్క్‌కు చెందిన జిమ్మీ హాలండ్ ఈ బలవంతపు ఆశావాదాన్ని నిరంకుశత్వంగానే భావించారు. ఏడుపొస్తే ఏడవనివ్వండి. కన్నీళ్ల వల్ల కణితి పెరగదు.

అపోహ: అయితే పక్కన మనిషి ఉన్నా లేకున్నా చికిత్సకు ఒకటే.

వాస్తవం: కాదు. అమెరికాలో ఏడు లక్షల మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనంలో, పెళ్లయినవారికి జబ్బు ముదిరాక బయటపడటం తక్కువ, తగిన చికిత్స అందడం ఎక్కువ, క్యాన్సర్ మరణాలు తక్కువ అని తేలింది. తాళిబొట్టుకు మహిమ ఉందని దీనర్థం కాదు. ‘ఆ గడ్డ డాక్టరుకు చూపించుకో’ అని పోరేవాళ్లు, మందుల వేళ గుర్తుచేసేవాళ్లు ఇంట్లో ఉండటమే ఇందుకు కారణం కావచ్చు. ఆ పని అన్న చేయొచ్చు, స్నేహితురాలు చేయొచ్చు, పక్కింటివాళ్లు చేయొచ్చు.

రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలపాటు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, శ్రీకాకుళం నుంచి విశాఖకో వచ్చేవారికి చికిత్స ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం భరించినా, పోయిన కూలి, గది అద్దె, ఇంటి దగ్గర పిల్లల బడి, పాలు పితకాల్సిన గేదె అలాగే మిగిలిపోతాయి. మధ్యలో చికిత్స మానేసేవాళ్లను చాలాసార్లు వెనక్కి లాగేది ఇవే. ఆ గేదె సంగతి నేను చూసుకుంటానన్న పొరుగువాడు చికిత్సలో భాగస్వామే.

వండి తీసుకెళ్లేముందు కూడా ఒక మాట అడగండి. కీమో పడ్డాక కొందరికి తాళింపు వాసనకే కడుపులో తిప్పుతుంది, నోరంతా ఇనుము నాకినట్టుంటుంది. ప్రేమగా తెచ్చిన గారెలు పక్కన పెట్టి, చల్లటి పెరుగన్నం రెండు ముద్దలు తిని పడుకుంటారు.

అపోహ: దగ్గరికెళితే అంటుకుంటుంది.

వాస్తవం: అంటుకోదు. కంచం, గ్లాసు వేరు పెట్టనక్కర్లేదు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ తీసుకున్నవారి పక్కన నిర్భయంగా కూర్చోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ ఇచ్చినప్పుడు మాత్రం డాక్టర్లు చెప్పినన్నాళ్లు దూరం పాటించాలి. నిజానికి ప్రమాదం మన నుంచి వాళ్లకే. కీమోతో తెల్ల రక్తకణాలు తగ్గిన రోజుల్లో జలుబు, దగ్గు ఉన్నవాళ్లు ఇంటికి వెళ్లకపోవడమే సాయం.

అపోహ: పేషెంటుకు జబ్బు పేరు చెప్పకపోవడమే ప్రేమ.

వాస్తవం: “అమ్మకి అల్సర్ అని చెప్పాం డాక్టరుగారూ, మీరు బయటపెట్టకండి” అనే కొడుకులు, కూతుళ్లు మన దగ్గర కోకొల్లలు. వాళ్ల ప్రేమను శంకించలేం. కానీ ఆసుపత్రి గేటు మీదే ‘క్యాన్సర్’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. పక్క మంచం ఆవిడ ఏ జబ్బుతో వచ్చిందో చెబుతూనే ఉంటుంది. అమ్మకు చాలాసార్లు తెలిసిపోతుంది. పిల్లలు బాధపడతారని తెలియనట్టే ఉంటుంది. అలా ఇంటినిండా మనుషులున్నా ఆమె భయం ఆమె ఒక్కతే మోస్తుంది. అన్నీ ఒక్కరోజే కుమ్మరించక్కర్లేదు. “నీకేం తెలుసుకోవాలని ఉందమ్మా?” అని అడిగి, ఆమె అడిగినంత నిజం చెప్పండి.

అపోహ: మరో రోగితో మాట్లాడితే ఇంకా బెంగపడతారు.

వాస్తవం: రొమ్ము తీసేసే ఆపరేషన్ అయిన టెరీస్ లాసర్ 1952లో న్యూయార్క్‌లో అలాంటి మహిళలనే కలవడం మొదలుపెట్టారు. ‘రీచ్ టు రికవరీ’గా ఆ పని చాలా దేశాలకు పాకింది. ఆపరేషన్ తర్వాత చెయ్యి ఎప్పుడు పైకెత్తగలిగిందో, బ్లౌజు ఎలా కుట్టించుకుందో అదే దారిలో నడిచినావిడ చెప్పగలదు. బెంగ పెంచేది ఆమె కాదు, “మా బాబాయికీ ఇదే వచ్చింది, ఆర్నెల్లు కూడా ఉండలేదు” అని మొదలుపెట్టే చుట్టం. గుంపులో కూర్చోవడం ఇష్టంలేనివాళ్లను మాత్రం బలవంతపెట్టొద్దు.

రోగిని చూసుకునే మనిషిని కూడా ఓసారి పలకరించండి. నిద్ర లేక, ఏడవడానికి చోటు లేక నలిగిపోయేది వాళ్లే. మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చేయమనండి. అది ప్రభుత్వ టెలీ మానస్, ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. మీకు తెలిసినవారెవరైనా చికిత్సలో ఉంటే, “ఏమైనా కావాలంటే చెప్పు” అని వదిలేయకండి. తర్వాతి కీమో ఏ తేదీనో అడిగి, ఆ రోజు సెలవు పెట్టి వెంట వెళ్లండి.